అద్దరి ఉప్పు

“అద్దరికి బిడ్డనిచ్చిన నాడు అది పరాయి రాజ్యమని యాదికి రాలేదా?” అంది అమ్మ.

“అప్పుడు గది ఉత్త ఏరు. ఇప్పుడు సరిహద్దంటున్నరు. నన్నేం జెయ్యమంటవు?” అన్నాడు బాపు.

మొన్న మా మనుమరాలు గిన్నెడు ఉప్పు చెమ్మగిల్లిందని పారబోస్తే కేకలేశాను. ఉప్పుకింత రాద్ధాంతమా అవ్వా అని నవ్వింది. ఆ నవ్వు వెనకాలే, నా చిన్ననాటి ఈ తగువు వినబడింది.

మాది పాలమూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఊరు. ఆవలి ఒడ్డు, అంటే అద్దరి, కర్నూలు వైపు. పుట్టి, అదే గుండ్రటి తెప్ప, ఎక్కితే పొయ్యి ఆరేలోపల పోయి రావచ్చనేది అమ్మ. ఉప్పు, బెల్లం, మా బావ, అన్నీ ఆ పుట్టిలోనే వచ్చాయి. అక్క అదే పుట్టిలో అత్తారింటికి పోయింది. అప్పటిదాకా అక్కడివాళ్లు మాకు వియ్యాలవారు. నిజాం సర్కారుకూ ఇండియన్ యూనియన్‌కూ చెడిన ఏడు వాళ్లే యూనియనోళ్లయ్యారు. వాళ్లు మమ్మల్ని నైజామోళ్లని అనుకుని ఉంటారు. ఉప్పు రావడం ఆగింది. మా వైపు సిపాయిలు పుట్టిలను గట్టుకెక్కించి బోర్లించారు.

యూనియన్ ఎంత పెద్దదో మా పెదబాపు చెప్పేవాడు. ఆయన ఏరు దాటి ఎరగడు. వాళ్ల ఇనుప బండ్లు నాగలి చాళ్లు తీసినట్టు ఊళ్లమీదుగా పోతాయట, ధాన్యమంతా కొలుచుకుపోతారట. దొర గడీ ముందర నిలబడితే అందరూ ఆ మాటే అనేవాళ్లు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక, ఎప్పుడొస్తరట, వెట్టి పోతదట గదా అని గుసగుసలు. ఆ గుసగుసల్లో పెదబాపు గొంతే పెద్దది.

అమ్మకు ఈ రాజ్యాల సంగతి పట్టలేదు. అక్కది తొలి కాన్పు, పుట్టింట్లో జరగాలి. ఏడో నెలలో తీసుకురావాలి. ఎనిమిది పడితే కదపకూడదు, తొమ్మిదికి ఏరు పోటెత్తుతుంది. ఆ ఏడో నెల ఇంక మూడు రోజులే మిగిలింది. బాలింతకు ఎల్లిపాయకారం నూరాలని అమ్మ ఒక కుండలో ఉప్పు దాచి, మూతికి గుడ్డ కట్టి అటక మీద పెట్టింది. మేము నెలరోజులుగా చప్పటి జొన్న గట్క తింటున్నాం. ఆ కుండలో వేలు పెట్టబోయిన నా చేతి మీద ఒక దెబ్బ పడింది కూడా.

ఆ సాయంత్రం బాపు పుట్టివాడి దగ్గరికి పోయి వచ్చాడు. దాంతోనే ఆ తగువు మొదలైంది. రెండు ఒడ్లవాళ్లూ దాటొద్దన్నారని, దాటినవాణ్ని ఎదుటివాడి మనిషని పట్టుకుంటున్నారని బాపు చెప్పాడు.

“కడుపుతోటున్న పిల్లకు రాజ్యమేంది? నేను పోత,” అంది అమ్మ.

“పోతే పో. మళ్ల రానిస్తరా? గీ పిల్లలనెవరు చూస్తరు?”

అమ్మ మా వైపు చూసింది. నేను, తమ్ముడు ఆమె కొంగు దగ్గరే ఉన్నాం.

మర్నాడు పొద్దున అమ్మ అటక మీది కుండ దించింది. గుడ్డ విప్పి, పిడికెడు ఉప్పు తీసి గట్కలో వేసి కలిపింది. అందరికీ పెట్టింది. బాపు తల వంచుకుని తిన్నాడు.

నేను రెండోసారి పెట్టించుకున్నాను.