తీసేసిన స్విచ్చి

ఆఫీసులో అందరూ ఆవిడని సర్దుళ్ల మేడం అంటారు. లిఫ్టులు నడిపే ప్రోగ్రాం ఒక్కటే, కానీ బిల్డింగుకో కోరిక. ఒకరికి తలుపు చటుక్కున మూసుకోవాలి, ఇంకొకరికి కరెంటు పోతే లిఫ్టు కింది అంతస్తుకి దిగిపోవాలి. కోరికకో స్విచ్చి చొప్పున ప్రోగ్రాంలో వందల స్విచ్చులు పేరుకుపోయాయి. ఎవరూ వాడని వాటిని ఏరి పారేయడం ఆవిడ పని. ఆ పొద్దున తలుపుని నిదానంగా మూసే స్విచ్చిని తీసేసింది. కస్టమర్ల జాబితాలో అది ఎవరికీ లేదు మరి. మధ్యాహ్నానికల్లా కొత్త ప్రోగ్రాం అన్ని లిఫ్టులకీ వెళ్లిపోయింది.

అన్నం తింటుండగా అక్క ఫోన్ చేసింది.

“ఏమే, మీ లిఫ్టుకి ఇవాళ ఏం పోయేకాలం వచ్చింది? వాకర్ లోపల పెట్టేలోపే తలుపు మూసుకుపోతోంది. పక్కింటాయన పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.”

ఆవిడ కంచం పక్కకి నెట్టింది. అక్కకి తుంటి విరిగినప్పుడు ఆ లిఫ్టులో ఆ స్విచ్చి వేసింది తనే. సొంత అక్క కోసం కదా, ఎవరికి చెబుతాంలే అని జాబితాకెక్కించలేదు. అందరి చెత్తా ఏరే మనిషి, తన చేత్తో పెట్టినదాన్నే మర్చిపోయింది.

అక్క లిఫ్టుని పాత ప్రోగ్రాంకి మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇక నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ సంగతి అక్కడితో ఆగదు. కొత్త బిల్డింగు వస్తే ఆఫీసులో ఎవడూ మొదటినుంచి మొదలుపెట్టడు. ఏదో పాత బిల్డింగు స్విచ్చులన్నీ యథాతథంగా ఎత్తేసి, నాలుగు మార్చి, అయిందనిపిస్తాడు. జాబితాలో లేని ఆ స్విచ్చితో సహా అక్క బిల్డింగువి ఎంతమంది ఎత్తారో, ఆ ఇళ్లలో ఎంతమంది చేతికర్రలతో లిఫ్టు ఎక్కుతున్నారో ఆవిడకీ తెలియదు.

మేనేజరు దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పేసింది.

“ఎన్ని లిఫ్టులు?” అన్నాడాయన.

“తెలీదు సార్. అన్నీ పాత ప్రోగ్రాంకి మార్చేద్దాం.”

“అన్నీ ఎందుకు? ఒక్కొక్కటే తెరిచి చూద్దాం. సాయంత్రానికి తేలిపోతుంది.”

“సాయంత్రం దాకా జనం లిఫ్టెక్కకుండా ఉంటారా సార్?”

ఆయన గడ్డం గోక్కున్నాడు. “అన్నీ మారిస్తే పైవాళ్లకి కారణం చెప్పాలి. మీ పేరు చెప్పక తప్పదు. తర్వాత మీ ఉద్యోగం నా చేతుల్లో ఉండదు.”

“చెప్పండి సార్.”

తెర మీద లిఫ్టులు ఒక్కొక్కటే పాత ప్రోగ్రాంకి మారుతుంటే, చూస్తూ కూర్చుంది. సగం కూడా కాలేదు, ఫిర్యాదులు చూసే అమ్మాయి వచ్చి నిలబడింది.

“మేడం, ఎవరో ఒకాయన ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. లిఫ్టు తలుపు తగిలి వాళ్లమ్మ పడిపోయిందట. లైన్లోనే ఉన్నాడు, ఎవరికివ్వమంటారు?”

ఆవిడ లేచి చెయ్యి చాపింది.

“నాకివ్వు.”