ఎడమకు పోయిన బాణాలు

కొన్నేళ్లుగా ఒక మాట నాతోనే తిరుగుతోంది. ఆఫీసుకి వస్తుంది. అన్నం ముందు కూర్చుంటే పక్కనే కూర్చుంటుంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు, అందుకే నోరు పెగులుతోందేమో. ఆమె పేరు మాత్రం మార్చాను. సుజాతక్క అనుకోండి.

నాచారంలో మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగా ఉండేది. ఆదివారం పొద్దున మేం కొందరం అక్కడ బాణాలు వేసేవాళ్లం. గురి చూపించే సామాన్లేవీ లేని మామూలు కట్టె విల్లు, ఎదురుగా గడ్డిమోపులు, వాటి మీద కాగితం. అందులో నేను పాతవాణ్ని. కొలవడం, తూచడం నా ఉద్యోగంలో భాగం కాబట్టి అందరి బాణాలూ నేనే తయారుచేసి పెట్టేవాణ్ని.

సుజాతక్క రైల్వే టికెట్ కౌంటర్‌లో పనిచేసేది. చిల్కానగర్ నుంచి స్కూటీ మీద వచ్చేది. నలభై దాటాక విల్లు పట్టిన మనిషి. వారమంతా అద్దం అవతల నుంచి జనం అరుపులు వినీ వినీ వచ్చేది కదా, ఆ కాసేపు ఆమెతో ఎవరు మాట్లాడబోయినా వేలు పెదవి మీద పెట్టుకునేది. "ఈడికొస్తే నిమ్మళంగుంటది తమ్మీ," అనేది.

బాణం గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. నారి వదలగానే బాణం కర్రలా నేరుగా పోదు. చేపలా అటూ ఇటూ వంగుతూ, విల్లును తప్పించుకుని పోతుంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి మొదటిసారి చూసినప్పుడు నోరు తెరిచాను. ఇంత గట్టి కార్బన్ గొట్టం ఇలా ఊగుతుందా? ఎంత ఊగాలనేది విల్లు బలాన్ని బట్టి ఉంటుంది. తక్కువ బలం విల్లుకి మరీ గట్టి బాణం పెడితే అది చాలినంత వంగదు. కుడిచేత్తో లాగేవాళ్లకి ఎడమ పక్కకి పోతుంది. బాణం కొసన ఉండే ములుకు బరువు పెంచితే ఎక్కువ వంగుతుంది, తగ్గిస్తే బిగుసుకుంటుంది. ఈకలు అంటించని బాణం ఒకటి, అంటించినవి కొన్ని వేసి, ఆ ఈకల్లేనిది మిగతావాటికి ఎటు పక్క గుచ్చుకుందో చూసి, ములుకులు మార్చుకుంటూ పోవాలి. ఈ పనిలో పడితే నాకు ఎండ కూడా తెలిసేది కాదు.

సుజాతక్కకు ఇవేవీ పట్టవు. చూసేది, లాగేది, వదిలేది. ఆ ఏడు వానలు తగ్గేసరికి ఆమె బాణాలు నా బాణాల కన్నా దగ్గర దగ్గరగా పడుతున్నాయి. ఎలా? ఆ చెయ్యి గొప్పదా, నేను కుదిర్చిన బాణాలు గొప్పవా? బాణంలో తేడా వస్తే ఆమెకు తెలుస్తుందా, లేక తెలియకుండానే ఒళ్లు సర్దుకుంటుందా? ఈ ప్రశ్న బుర్రలో పడ్డాక ఊరుకోలేకపోయాను. అందులో అసూయ లేదా? ఉంది. ఎంత ఉందో తేల్చుకోవడం ఇప్పటికీ నా వల్ల కావడం లేదు.

అప్పుడే ఆమె కొత్త బాణాలు చేసిపెట్టమంది. చేశాను. ఆమె విల్లుకి పనికిరానంత గట్టి గొట్టాలు ఏరాను. తేలిక ములుకులు బిగించాను. గొట్టం మీద దాని గట్టిదనం చెప్పే నంబర్ ఉంటుంది. అది కనపడకుండా రంగు కాగితం చుట్టాను. ఆమెకు ఇష్టమని పసుపు ఈకలు అంటించాను. ఒక్క ఆదివారం చూసి చెప్పేద్దాం అనుకున్నాను.

ఆ ఆదివారం బాణాలన్నీ ఎడమకే పోయాయి. ఆమె ఏరుకొచ్చి నా ముందు నిలబడింది.

"ఏంది తమ్మీ, గిట్ల పోతున్నయి? బాణాల్ల ఏమన్న ఉన్నదా?"

అడిగింది చూడండి. సరిగ్గా అదే అడిగింది. నేను ఒక బాణం తీసుకుని, ఒక కన్ను మూసి పొడుగునా చూసినట్టు నటించాను.

"బాణాలు బాగానే ఉన్నాయక్కా. మీ చెయ్యే. వదిలేటప్పుడు లాగేస్తున్నారు."

"గట్లనా? అయితే జర సూడు నన్ను. ఎక్కడ తప్పైతున్నదో చెప్పు."

చూశాను. వారం వారం చూశాను. ఆమె మణికట్టు మెలిపెట్టడం మొదలుపెట్టింది. నిలబడే తీరు మార్చింది. కాగితానికి కుడి అవతలికి గురిపెట్టి, బాణాలను మధ్యకి దగ్గరగా తెచ్చింది కూడా. మనిషి ఒళ్లు ఇంత తెలివైనదా అని లోపల పొంగిపోయాను. ఆ పొంగు ఎలాంటిదో అప్పుడు నాకు ఎందుకు తట్టలేదు? ఎదురుగా ఒక మనిషి తన మీద తనే నమ్మకం పోగొట్టుకుంటుంటే, నేను బాణం ఎటు వంగుతోందో చూస్తున్నాను.

తర్వాత వేరే చోటి వాళ్లతో సరదాగా ఒక పోటీ పెట్టుకున్నాం. సుజాతక్క తనతో కౌంటర్‌లో పనిచేసే ఇద్దరు స్నేహితురాళ్లను తీసుకొచ్చింది. వాళ్లు చూస్తున్నారన్న కంగారులో నేర్చుకున్న ఆ మెలికలన్నీ మరిచిపోయి, మునుపటిలా సూటిగా వదిలింది. బాణాలు గడ్డిమోపులే దాటిపోయాయి. ఒకటి ఇనుప స్టాండుకి తగిలి చీలిపోయింది. ఆమె గట్టిగా నవ్వింది. స్నేహితురాళ్లూ నవ్వారు. చెప్పడానికి అదే సమయం. నేను చీలిన ముక్కలు ఏరుతూ ఉండిపోయాను.

మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై వారం వచ్చి, విల్లు దించి, మిగిలిన బాణాలు నా చేతికిచ్చింది. ఎవరికైనా ఇమ్మంది. ఎవరికీ ఇవ్వలేదు. నా విల్లు బలమైనది. ఒకరోజు వాటిని నేనే వేసి చూశాను. ఒక్కటీ పక్కకి పోలేదు. అప్పుడు కూడా, సిగ్గుపడటానికి ముందు, ఎంత చక్కగా కుదిరాయో అనుకున్నాను. అన్నిటికన్నా మీకు చెప్పడం కష్టమైనది ఇదే.

మొన్న వేసవిలో ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే కనపడింది. జుట్టు నెరిసింది. పక్కన కోడలు. నన్ను చూసి ముఖం విప్పారింది. "గీ తమ్ముడే నాకు బాణాలేసుడు నేర్పింది. మస్తు ఓపిక. నా చెయ్యే వంకర, ఆయనేం చేస్తడు!" అని కోడలితో చెప్పింది. ఆ అమ్మాయి నాకు నమస్కారం పెట్టింది. నేను తిరిగి పెట్టాను. హబ్సిగూడలో దిగిపోయాను.

చెప్పినా ఆ ఆదివారాలు తిరిగిరావు కదా అని సర్దిచెప్పుకుంటాను. ఇది నాకు పనికొచ్చే సమాధానమే తప్ప ఆమెకు కాదని తెలుసు. మీతో చెప్పడం సులువు. మీరు నన్ను తమ్మీ అని పిలవలేదు. అయినా ఒక్కసారి అక్షరాల్లో పెట్టి చూసుకుంటున్నాను. సుజాతక్క చెయ్యి బాగుంది. మొదటినుంచీ బాగుంది. బాణాలు నేను కావాలనే తప్పుగా చేశాను.

రాశాక కాస్త ఊపిరాడుతోంది. క్షమించమని అడగను. మీరు ఆమె కాదు.