వెనెరా ముఖం

ఎట్నా అగ్నిపర్వతం కింది ఆ ఊళ్లో ఆగస్టు వచ్చిందంటే వెనెరా మేడెక్కేది. టమాటా గుజ్జులో ఉప్పు కలిపి చెక్కబల్లల మీద పరిచేది. ఇక పొద్దంతా ఎండలో నిలబడి అరచేత్తో తిప్పుతూ ఉండాలి. గుజ్జు చిక్కబడి, నల్లబడి, ముద్దయ్యేది. ఇన్నేళ్ల ఎండ ఆమె ముఖాన్నీ అలాగే చేసింది.

కూతురు అగతీనా సంగతే లేకపోతే ముడతలకు ఆమె దిగులు పడేది కాదు. ఆరేళ్ల ఆ కూతురు జ్వరంతో పోయేనాటికి వెనెరా పడుచుది. ఏటా నవంబరులో, చనిపోయినవాళ్లు ఇళ్లకొస్తారని నమ్మే రాత్రి, ఊరంతా చేసినట్టే తనూ తురుముపీట దాచిపెట్టేది. దాంతో వాళ్లు నిద్రపోయేవాళ్ల పాదాలు గీకుతారని భయం. బల్ల మీద రొట్టె పెట్టి పడుకునేది. తెల్లారేసరికి రొట్టె అంచున చిన్న చిన్న పళ్లగాట్లుండేవి. ఈమధ్య అవి ఉండటం లేదు.

ఈ ముడతల ముఖాన్ని చూసి పిల్ల తనను గుర్తుపట్టడం లేదనుకుంది వెనెరా.

మందుల షాపు సావేరియో ఏదో అడవి ఆకు సారంతో చేసిన గుళికలు ఇచ్చాడు.

"ఇవి మింగితే ఎండ కాస్త తక్కువ కాల్చుతుందమ్మా, అంతే. టోపీ మాత్రం మానకు."

"పోయిన ముఖం తిరిగొస్తుందా?"

"అలాంటి మందుంటే ముందు మా ఆవిడే డబ్బా ఖాళీ చేసేది! ఏం, పెళ్లికొడుకెవరైనా వస్తున్నాడా?"

"అగతీనా వస్తుంది."

సావేరియో నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల చిన్న శవపెట్టెను మోసినవాళ్లలో అతనూ ఉన్నాడు.

ఆ వేసవి వెనెరా మేడెక్కలేదు. కిటికీలు మూసుకుని, పొద్దున్నే గుళిక మింగి, అద్దం ముందు కూర్చునేది. ముఖం మారలేదు. నవంబరు వచ్చింది. రొట్టె పెట్టినది పెట్టినట్టే ఉంది.

ఆ పొద్దున ఎదురింట్లో కొత్తగా అద్దెకు దిగిన మరీల్లా తలుపు తట్టింది. పడుచు పిల్ల, ముఖంలో నెత్తురు లేదు.

"పిన్నీ, రాత్రి ఎవరిదో పాప మా ఇంట్లోకొచ్చింది. గడియ వేసింది వేసినట్టే ఉంది! అమ్మా అంటూ నా నడుం పట్టుకుంది. ఆ చేతులు ఎంత చల్లగా ఉన్నాయో!"

"నువ్వేమన్నావు?"

"'నేను మీ అమ్మను కాదమ్మా, మీ ఇల్లెక్కడ?' అన్నా. ఇటే చూపించింది. 'అక్కడెవరో ముసలామె పడుకుంది, నాకు భయం' అంది."

వెనెరా ఎదురింటి తలుపు వైపు చూసింది.

"మళ్లీ వస్తానందా?"

"అంది. కలే అయ్యుంటుందిలే పిన్నీ, అలా చూడకు."

వెనెరా చూస్తూనే ఉంది. నుదురు, కళ్ల కింద, పెదాల పక్కన. ఎక్కడా ఒక్క గీత లేదు. లోపలికెళ్లి గుళికల డబ్బా, గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"మింగు. రోజూ మింగాలి. ఎండలోకి అడుగు పెట్టకు. బజారు పనులు నేను చేసిపెడతా."

"నాకెందుకు? నాకింకా ముడతలెక్కడున్నాయి?"

"రానివ్వకూడదు. పాప వచ్చినప్పుడల్లా ఈ ముఖం ఇలాగే ఉండాలి."

మరీల్లా నవ్వబోయి, ఆమె కళ్లు చూసి ఆగిపోయింది. గుళిక గొంతు దిగేదాకా వెనెరా గుమ్మానికి అడ్డంగా నిలబడే ఉంది.