కాంతమ్మ సిస్టరు నల్ల అట్ట పుస్తకం

కాంతమ్మ సిస్టరుకు రుజువు కావాలి. దేనికైనా సరే. బయట వాన పడుతోందంటే, కిటికీలోంచి చెయ్యి చాపి తడుపుకుంటేగానీ ఒప్పుకునే మనిషి కాదు.

తొంభై మూడులో మదనపల్లెలోని ఓ పెద్దాసుపత్రిలో నేను కొత్త నర్సును, ఆవిడ వార్డు సిస్టరు. నర్సింగు పత్రికలు చదివి, పరిశోధనల్లో తేలిన సంగతులన్నీ నల్ల అట్ట పుస్తకంలో ఎక్కించుకునేది. ఒకసారి పెద్ద సర్జనుగారు, ఆపరేషనుకు ముందు రోజే రోగి కడుపంతా బ్లేడుతో గొరిగెయ్యమన్నారు.

"యాల సార్? గీరితేనే పుండ్లకు చీము ఎక్కువని ఈడ రాసుండాది" అంటూ పుస్తకం తెరిచింది.

పాపం ఆయన అరగంట వాదించి, సొంత గడ్డం తడుముకుంటూ వెళ్ళిపోయారు.

పుంగనూరు నర్సింగ్‌హోముకు మారుతూ నన్నూ లాక్కెళ్ళింది. నేనే ఎందుకని అడిగితే, "నువ్వు ఎదురు చెప్పవు. ఎనిమిది నెల్లు సూసి రాసుకోనుండా" అంది. అక్కడి గంగాధరం డాక్టరుకు పత్రికలంటే పడదు, చేతులు కడగడమూ పడదు. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. ఆయన కడిగిన రోజుల్లో ఎన్ని కుట్లు చీము పట్టాయో, కడగని రోజుల్లో ఎన్నో నెలంతా లెక్కకట్టి, ఆయన కుర్చీ ఎదురుగా గోడకు అంటించింది. ఆ వారంలోనే రెండు సబ్బులు అరిగిపోయాయి.

గేటు దగ్గర రామక్క టిఫిను బండి ఉండేది. "ఇడ్లీలు యేడిగా ఉండాయమ్మా" అనడం ఆలస్యం, కాంతమ్మ జేబులోంచి థర్మామీటరు తీసేది.

"నీకు దండం పెడతా సిస్టరమ్మా, ఇంకోరి సంకలో పెట్టింది నా ఇడ్లీలో గుచ్చద్దు!"

రెండువేల ఒకటిలో కుప్పం దగ్గర ఓ చిన్న పల్లె ఆసుపత్రిలో చేరాం. వెంకటగిరికోట వైపు నుంచి ఎల్లప్ప అనే పట్టుపురుగుల రైతు భార్యను తెచ్చాడు. నెలలు నిండకుండానే కాన్పయింది. ఆడబిడ్డ, కిలోన్నర కూడా లేదు. తల్లి జ్వరంతో ఒళ్ళెరగకుండా పడి ఉంది. బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టె మా దగ్గర లేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే జీపు సాయంత్రానికిగానీ రాదు. బిడ్డ పాదాలు చల్లబడిపోతున్నాయి. నాకు చచ్చేంత భయమేసింది.

"చొక్కా ఇప్పు ఎల్లప్పా. బిడ్డను రొమ్ముకు ఆనించుకో" అంది కాంతమ్మ.

"నేనా? మొగోణ్ణి గదమ్మా! మా పురుగుల గదిలో మాదిరి బొగ్గుల కుంపటి పెడదాం."

"పొగకు పసిదాని ఊపిరి ఆగిపోతాది."

"నా రొమ్ము మీద పెడితే బతుకుతాదని రుజువేముండాది?"

ఎనిమిదేళ్ళలో ఆ మాట ఆవిడను ఎదురడిగినవాణ్ణి నేను చూడలేదు. కాంతమ్మ పుస్తకం తెరిచి, వేలు పెట్టి గడగడా చదివింది. "తండ్రి రొమ్ము మీద పెట్టిన బిడ్డలు బాగా యెచ్చబడినారు. పరిశోధనలో తేలింది."

ఎల్లప్ప చొక్కా విప్పాడు. ఆవిడ ఇద్దరికీ కలిపి దుప్పటి చుట్టి, అరగంటకోసారి బిడ్డ సంకలో థర్మామీటరు పెట్టింది. తొంభై నాలుగు. తొంభై అయిదున్నర. ఎల్లప్ప కదిలితే ఒట్టు. తుమ్ము వస్తే నా చేత ముక్కు పట్టించుకున్నాడు. జీపు వచ్చేసరికి తొంభై ఏడు దాటింది. అలాగే బిడ్డను కరుచుకుని, చొక్కా మర్చిపోయి జీపెక్కాడు.

వాళ్ళు వెళ్ళాక ఆ పేజీ చూశాను. పరిశోధన ఉంది, కానీ అంతా తల్లుల మీదే. తండ్రి ఊసే లేదు.

"సిస్టర్! రుజువు లేకుండానే చెప్పేసినారా?"

ఆవిడ దొంగతనం బయటపడినట్టు చూసింది. "ఏం చేసేదే నీరజా? బిడ్డ చల్లబడిపోతాండాది, అమ్మ లేసే మాదిరి లేదు. యెచ్చన ఎవరి రొమ్ముదైనా ఒకటే గదా!"

"దానికి రుజువు?" అన్నాను. నా జన్మలో అంత తృప్తిగా ఏ మాటా అనలేదు. ఆవిడ ఎల్లప్ప చొక్కా మడతపెట్టి బీరువాలో దాచింది.

రెండు నెలల తర్వాత ఎల్లప్ప, కోలుకున్న భార్య వెంట రాగా, బిడ్డను రొమ్ముకు కట్టుకునే వచ్చాడు. కాంతమ్మ తూచింది. రెండు కిలోల ఆరువందలు. అనుమానం తీరక మళ్ళీ తూచింది. అంతే ఉంది. పుస్తకం నా ముందుకు తోసింది.

"రాయి నీరజా. తండ్రి ఒకడు, బిడ్డ ఒకటి. యెచ్చబడినాది, బతికినాది. ఇంక రుజువుండాది."

"ఏం రుజువమ్మా?" అన్నాడు ఎల్లప్ప.

"ఆ పొద్దు నీకు చదివినాను గదప్పా, అదే" అని, కాంతమ్మ చొక్కా తెచ్చి అతని చేతిలో పెట్టింది.