మా బావ చెయ్యి స్లో కాదు

ఆ ఆదివారం కీబోర్డు నా చేతిలో ఉంది. వెనక షీల్డు వెయ్యమని మా బావ అరవడం నాకు స్పష్టంగా వినపడింది. నొక్కాల్సిన మీట మీదే నా వేలుంది. నేను నొక్కలేదు. ఈ సంగతి పాతికేళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా, దాని స్థానంలో వేరే కథ అల్లి, పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో చెప్పి జనాన్ని నవ్వించాను. ఆ కథ విన్నవాళ్లు బందరులోనూ గుడివాడలోనూ ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరైనా ఇది చదివితే, విన్నది మరిచిపోయి దీన్ని గుర్తుంచుకోమని అడుగుతున్నాను.

బావ అంటే మాకు చుట్టరికమేమీ లేదు. అతనిది దివిసీమలో నాగాయలంక అవతల, బల్లకట్టు లాంటి పంటు ఎక్కి కృష్ణ పాయ దాటి వెళ్లాల్సిన లంక ఊరు. క్రైస్తవ కుటుంబం. గుడివాడలో డిగ్రీ మొదటిరోజు నా పక్కకొచ్చి, "జరుగు బావా, బెంచీ నీ ఒక్కడిదేనా?" అన్నాడు. అప్పట్నుంచీ బావే. మా వైపు బావ అన్న పిలుపు కుదిరిందంటే వేళాకోళానికి హద్దుండదు. ఎంత మాటన్నా అవతలివాడు నవ్వాలి. మొహం ముడుచుకుంటే వాడే తేలికైపోతాడు. ఈ ఏర్పాటు నాకు ఎంత కలిసొచ్చిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

డిగ్రీ చదువుతూనే ఇద్దరం స్టేషన్ రోడ్డులో, మందుల షాపు మీదున్న కంప్యూటర్ సెంటర్లో చేరాం. చెప్పులు బయట వదిలి, కాళ్లు పట్టామీద తుడుచుకుని ఏసీ గదిలోకి వెళ్లాలి. సిస్టమ్‌కి ఇద్దరు. ఒకడు టైపు చేస్తుంటే రెండోవాడు చూసి నేర్చుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం మాత్రం క్లాసులుండవు. సెంటర్ నడిపే ఆయనకి ఆటల పిచ్చి. హైదరాబాద్ నుంచి ఒక జాయ్‌స్టిక్కూ, అంతరిక్షంలో యుద్ధవిమానం నడిపే ఒక ఆటా తెచ్చి, మాలాంటి నలుగురైదుగురిని రానిచ్చేవారు. బావ చర్చి అయిపోయాక, తెల్లచొక్కా కూడా మార్చుకోకుండా నేరుగా అక్కడికే వచ్చేవాడు.

నిజానికి ఆ ఆట ఒక్కడు ఆడాల్సింది. కుడిచేత్తో స్టిక్కు, ఎడమచేత్తో కీబోర్డు. సిస్టమ్‌కి ఇద్దరు అన్న పద్ధతికి అలవాటుపడ్డ మాకు ఆ ఊహే రాలేదు. గుడివాడలో మేమంతా దాన్ని జంటగానే ఆడాం. ఒకడు స్టిక్కు పట్టి విమానం తిప్పుతాడు. రెండోవాడు కీబోర్డు దగ్గర కూర్చుని ఇంజనుకెంత కరెంటు పంపాలి, తుపాకులకెంత, విమానం చుట్టూ ఉండే కవచానికెంత అన్నది చూస్తాడు. ఆ కవచమే షీల్డు. దాన్ని ముందుకీ వెనక్కీ మార్చడానికి ఒక మీట. విమానం పేలిపోతే స్టిక్కు రెండోవాడికి ఇచ్చెయ్యాలి. ఇదీ మేం పెట్టుకున్న రూలు.

చిక్కేమిటంటే బావ విమానం పేలదు. చిన్నప్పట్నుంచీ పాయలో నాటుపడవ తిప్పినవాడు. స్టిక్కుని రెండు వేళ్లతో పట్టుకునేవాడు. శత్రువు ఎటు తిరగబోతున్నాడో ముందే తెలిసినట్టు అటు తిప్పేవాడు. మిగతావాళ్లు తమ ఆట ఆపుకుని వచ్చి అతని కుర్చీ వెనక నిలబడేవారు. సెంటర్ ఆయన కూడా టీ గ్లాసుతో వచ్చేవారు. కీబోర్డు దగ్గర కూర్చున్నవాణ్ణి ఎవరూ చూడరు. వారాల తరబడి స్టిక్కు నా చేతికి రాలేదు.

ఆ ఆదివారం ఆడింది, గాయపడ్డవాళ్లతో నిండిన పెద్ద ఓడకి కాపలా కాసే ఘట్టం. ఓడ నత్తనడకన వెళ్తుంటుంది కాబట్టి బావ దానికి పంటు అని పేరుపెట్టాడు.

"బావా, పంటు మీదకి మూడొస్తున్నాయి. ఇంజనుకి పంపు."

"పంపా."

"ఒకటి పోయింది. వెనక తగుల్తోంది. వెనక వెయ్యి. బావా, వెనక!"

షీల్డంతా ముందువైపే ఉంది. నేను తెర చూస్తూ కూర్చున్నాను. తెర ఎర్రబడి, విమానం ముక్కలైంది.

"ఏంటయ్యా, ఇవాళ చెయ్యి ఆడట్లేదా?" అన్నారు సెంటర్ ఆయన.

బావ నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "చెయ్యి స్లో అయిపోయిందండీ. నిన్న రొయ్యలు ఎక్కువ లాగించాడు."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు, నవ్వాలి కదా. తర్వాత కుడిచెయ్యి తిప్పి చూసుకుని, "అవును బావా, లేటైనట్టుంది" అన్నాడు.

ఆ ఒక్కరోజుతో ఆగి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదేమో. తర్వాతి ఆదివారాలూ అతని వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చేశాను. ఒకసారి కవచానికి వెళ్లే కరెంటు కట్టేశాను, ఒకసారి ఆలస్యంగా నొక్కాను. ప్రతిసారీ అదే మాట. కొన్నాళ్లకి స్టిక్కు ఇవ్వబోతే అతనే వద్దన్నాడు. "నువ్వే నడుపు బావా. నా చెయ్యి స్లో" అని కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. నేను అడక్కముందే షీల్డు పడేది. పంటుని గట్టు చేర్చాను. అందరూ నా భుజం తట్టారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది బావే.

ఆ తర్వాత దాన్ని కథ చేశాను. వాళ్ల చర్చి ఆవరణలో, అతని పెళ్లి భోజనాల దగ్గర మైకు పట్టుకుని మరీ చెప్పాను. "అమ్మా పెళ్లికూతురా, వీడికి మాత్రం బండి తాళం ఇవ్వకు. గాయపడ్డవాళ్లందర్నీ ఆకాశంలో ముంచేసిన ఘనుడు. నిన్ను చల్లపల్లి కాలవలో ముంచుతాడు." పెళ్లికూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. బావ పెద్దగా నవ్వాడు. కానీ అతను ఈనాటిదాకా బండి నేర్చుకోలేదు. అవనిగడ్డలో పురుగుమందుల షాపు పెట్టుకున్నాడు. సరుకు తేవాలన్నా చర్చికి వెళ్లాలన్నా భార్య స్కూటీ నడుపుతుంది, అతను వెనక సంచీ పట్టుకుని కూర్చుంటాడు. ఎవరైనా అడిగితే, "మన చెయ్యి స్లో అండీ" అంటాడు. ఒక కంప్యూటర్ ఆట వల్ల మనిషి బండి మానేస్తాడా అని మీరనుకోవచ్చు. నేనూ అలా అనుకునే ఇన్నేళ్లు గడిపాను. ఆటలో నేను చేసింది చిన్న తొండి, నేను చెయ్యకపోయినా ఎప్పుడో ఒకప్పుడు ఓడేవాడే అని సర్దిచెప్పుకున్నాను.

ఈ మధ్య బందరులో, సెలవురోజు ఇంట్లో కూర్చుని లాప్‌టాప్ చూస్తుంటే ఆ ఆట కనపడింది. ఇప్పటి కంప్యూటర్లలో ఆడేలా సర్ది అమ్ముతున్నారు. ఉండబట్టలేక దించుకున్నాను. పాతరకం జాయ్‌స్టిక్కుల పిన్ను దూరే చోటు ఇప్పటి మెషిన్లలో లేదు కాబట్టి యూఎస్‌బీది ఒకటి తెప్పించాను. వచ్చిన కొత్త స్టిక్కు ముట్టుకోకుండానే విమానాన్ని ఎడమకి లాగేసేది. దాన్ని దారికి తెచ్చాక ఇంకో తిప్పలు. షీల్డుకి కరెంటు పెంచే మీట నొక్కితే తెర వెలుతురు తగ్గింది, తుపాకులది నొక్కితే లాప్‌టాప్‌లో మోగుతున్న పాట ఆగిపోయింది. ఇప్పటి లాప్‌టాప్‌లలో పైవరస మీటలన్నిటికీ వేరే పనులు పెట్టారు. అవీ మార్చుకున్నాను. అప్పట్లో అంత గొప్పగా కనపడిన విమానాలు ఇంత వెడల్పు తెర మీద మడిచిన అట్టముక్కల్లా ఉన్నాయి. చప్పుళ్లు మాత్రం అవే.

"ఈ వయసులో ఆ టకటకేంటండీ? భుజం నొప్పని రాత్రి మందు రాయించుకున్నారుగా" అంది మా ఆవిడ.

పంటు ఘట్టం తెరిచాను. పక్కన ఎవరూ లేరు. మొదటిసారి స్టిక్కూ, మీటలూ రెండూ నేనే చూసుకోవాలి. ధ్యాసంతా స్టిక్కు మీదే పెట్టి షీల్డు సంగతి మరిచాను. రెండో శత్రువు కూడా రాకముందే పేలిపోయాను. మళ్లీ ఆడితే మళ్లీ అంతే. అప్పుడు స్టిక్కు మీద ధ్యాస తగ్గించి, షీల్డు మీద దృష్టిపెట్టి, వెనక తగిలినప్పుడల్లా వెనక్కి మారుస్తూ ఆడాను. తిప్పడం ఘోరంగా తిప్పాను. కళ్లద్దాలు జారుతున్నాయి, భుజం లాగుతోంది. అయినా బతికాను. ఓడ గట్టెక్కింది. కుర్చీలో వెనక్కి వాలలేకపోయాను. మొద్దుచెయ్యి కూడా గెలుస్తుంది, షీల్డుంటే. షీల్డు లేకపోతే ఎంత చురుకైన చెయ్యయినా బతకదు. నేను తీసేసింది కాస్త సాయం కాదు, మొత్తం ఆటే.

ఇది తెలిశాక కూడా ఫోన్ చెయ్యలేదు. ఆ వారంలోనే బావ చేశాడు.

"బావా, నీతో ఒక పనుంది. మా అమ్మాయి, అదే మీ కోడలు, డ్రోన్ ట్రైనింగ్‌కి వెళ్తానంటోంది. పొలాలకి మందు కొట్టే డ్రోన్లు. సెలక్ట్ అయిందట."

"మంచిదేగా."

"ఏం మంచిది! అది మెషిను, బావా. చెయ్యి అటూ ఇటూ అయితే ఎవరి నెత్తిన పడుతుందో. నా రక్తమేగా దానిది? దాని చెయ్యి మాత్రం ఎంత స్పీడుంటుంది? నేను చెప్తే వినట్లేదు. నువ్వొచ్చి ఆ పంటు కథ చెప్పు. నువ్వు చెప్తే నవ్వుతుంది, నవ్వితే వింటుంది."

వస్తానని చెప్పి అవనిగడ్డ బస్సెక్కాను. చల్లపల్లి దాకా ఏదో ఒక వంక చెప్పి దిగిపోదామనే ఉంది. మోపిదేవి దాటాక ఇక దిగే చోటు లేదనిపించింది.

భోజనాల ముందు బావ ప్రార్థన చేశాడు. నన్ను క్షేమంగా తీసుకొచ్చినందుకు దేవుడికి వందనాలు చెప్పాడు. ఆమెన్ అని నేను అనలేకపోయాను. బావ భార్య చేపల పులుసు వడ్డిస్తోంది. వాళ్లమ్మాయి ఎదురుగా ముద్ద కలుపుతూ మొహం దించుకునుంది.

"కానీ బావా, మొదలుపెట్టు" అన్నాడు.

"నాకు తెలుసు మావయ్యా. వందసార్లు విన్నా. చివర్లో కాలవలో ముంచుతాడు" అంది ఆ అమ్మాయి.

"ఆ కథ అబద్ధం, అమ్మలూ. మీ నాన్న ఓడిపోలేదు. షీల్డు నేను వెయ్యలేదు. కావాలనే" అన్నాను.

బావ పకపకా నవ్వాడు. "చూశావా, మీ మావయ్య రోజుకో వెర్షన్ చెప్తాడు!"

"నిజం బావా."

"ఆపు బావా, పొలమారుతుంది."

ఎన్నిసార్లు చెప్పినా నవ్వుతూనే ఉన్నాడు. ఇన్నేళ్లూ నాకు రక్షణగా నిలిచిన పిలుపు ఇప్పుడు అడ్డం తిరిగింది. ఒక బావ నోట నిజం వస్తుందని ఇంకో బావ నమ్మడు. అతని భార్య వైపు తిరిగాను. ఆమెని నేను మొదట్నుంచీ చెల్లెమ్మా అనే పిలుస్తాను. ఆ వరసలో వేళాకోళం ఉండదు.

"చెల్లెమ్మా, నువ్వు విను. ఇతని చేతిలో ఏ లోపం లేదు. మా అందరిలోకీ బాగా నడిపేవాడు ఇతనే. నేనే పనిగట్టుకుని ఓడించాను, చాలాసార్లు. మీ పెళ్లిలో మైకులో చెప్పింది కూడా అబద్ధమే."

ఆమె గరిటె గిన్నెలో వదిలేసింది. "నిజమా అన్నయ్యా?"

"నిజం."

"వర్షంలో తడుస్తూ, కడుపుతో ఉండి కూడా ఈయన్ని వెనక ఎక్కించుకుని తిప్పాను అన్నయ్యా" అంది. గొంతు పెంచలేదు.

బావ నవ్వు అప్పుడు ఆగింది.

"ఎందుకు?" అన్నాడు.

"స్టిక్కు నాకు కావాలని."

"అడిగితే ఇచ్చేవాణ్ణిగా."

ఇచ్చేవాడే. టిఫిను, పరీక్షల ముందు నోట్సు, అడిగినవేవీ అతను కాదనలేదు.

అతను నా వైపు చూడకుండానే కూతుర్ని అడిగాడు. "క్లాసులు ఎప్పట్నుంచట?"

"సోమవారం నుంచి నాన్నా."

"పొద్దున్నే బస్సుంది. మీ అమ్మ దింపుతుంది. బాగా నేర్చుకో" అన్నాడు.

అప్పుడు లేచి నిలబడ్డాను, ఎంగిలిచేత్తోనే. "తప్పు చేశాను. నీకు చెడు చేసి, అది నీ లోపమని నీ చేతే అనిపించాను. నిన్ను చూసి నలుగురూ నవ్వుతుంటే మురిసిపోయాను. నన్ను క్షమించు. చెల్లెమ్మా, అమ్మలూ, మీరు కూడా క్షమించండి."