మూడో రిపోర్ట్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. మా స్కూల్లో ఆడపిల్లలు బాత్రూం గోడ వెనక ఎవరో గొణుగుతున్నారని ఏడుస్తుంటే, ప్లంబర్‌ని పిలిపించి కారుతున్న పైపు మార్పించిన మనిషిని నేను. పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెబుతాను. దేనికైనా ఓ కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని వాళ్లకి రోజూ చెప్పేదాన్ని.

ఇప్పుడు ఆ మాట మునుపటంత గట్టిగా అనలేకపోతున్నాను.

మాది నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే దారిలో ఓ ఊరు. రోడ్డు పక్కనే మాకు నాలుగెకరాల మామిడి తోట ఉంది. మావారిది సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం, ఆయనకి తీరికుండదు కాబట్టి తోట సంగతి నాదే. అంతకుముందు మా అత్తగారు చూసుకునేవారు. ఆవిడ పోయి మూడేళ్లయింది.

అత్తగారి దగ్గర ముప్ఫై ఏళ్లు పనిచేసింది సామ్రాజ్యం, ఆవిడని పెద్దమ్మగారు అనేది. ఇప్పుడు అరవైకి దగ్గర్లో ఉంటుంది. భర్త లేడు. కూతుర్ని చింతలపూడి ఇచ్చింది. చదువు రాదు, వేలిముద్రే. ఇప్పటికీ మా తోటలో పనంటే మొదట వచ్చేది తనే.

మొన్న పూత సమయంలో వరసగా మంచు పట్టింది. ఆ మంచుకి పురుగు తగులుకుందంటే పూతంతా జిగురై, నల్లబడి రాలిపోతుంది. మందు కొట్టే అతను నాలుగు రోజుల దాకా కుదరదన్నాడు. అప్పుడు సామ్రాజ్యాన్ని పిలిచి, అత్తయ్య ఉన్నప్పుడు వేసేదానివి కదా, అలాగే పొగ వెయ్యమని చెప్పింది నేనే. పాత కుండలో పిడకల నిప్పు, దాని మీద ఊక, వేపాకు. తెల్లారే వేళ దాన్ని పట్టుకుని చెట్టు చెట్టుకీ తిరగాలి. మా పెద్దవాళ్లందరూ చేసిన పనే. ఇప్పుడు మందులొచ్చాక ఎవరూ చేయట్లేదు.

ఆ పొద్దున రోడ్డు మీద బండి ఆపి ఎవరో వీడియో తీశారు. ఎవరో ఏంటి, మా మరిది శేషు. మావారి బాబాయిగారి అబ్బాయి. నూజివీడులో సెల్‌ఫోన్ల షాపు నడుపుతూ, చుట్టుపక్కల వార్తలంటూ సోషల్ మీడియాలో ఓ పేజీ కూడా పెట్టాడు. బుద్ధెరిగాక తోటలో అడుగు పెట్టిన మనిషి కాడు. మంచులో, ముఖానికి గుడ్డ చుట్టుకుని, పొగ కుండతో ఓ ఆడమనిషి కనిపిస్తే అతనికి అంతకన్నా ఏం కావాలి? ‘మామిడి తోటలో చేతబడి?’ అని పేరు పెట్టి వదిలాడు. చివర ఆ ప్రశ్న గుర్తొక్కటే అతని నిజాయితీ.

వీడియోలో ఒకచోట నాకూ ఒళ్లు జలదరించింది. అన్ని చెట్ల కిందా పొగ తిప్పుకుంటూ వచ్చిన సామ్రాజ్యం ఒక చెట్టు దగ్గర ఆగిపోయింది. తడి గోనెపట్టాతో కుండ మూసేసింది. తలెత్తి కొమ్మల్లోకి చూస్తూ ఏదో మాట్లాడింది. తర్వాత వంగి, అడుగు చప్పుడు కాకుండా ఆ చెట్టు దాటింది. అవతల చెట్టు దగ్గరికి వెళ్లాకే మళ్లీ కుండ తెరిచింది.

ఎందుకలా చేసిందో అప్పుడు నాకు తెలియదు. శేషు మర్నాడు ఆ ముక్కొక్కటే కత్తిరించి, వేగం తగ్గించి, కింద భయపెట్టే మ్యూజిక్ తగిలించి మళ్లీ పెట్టాడు.

జనం చూడటం మామూలుగా చూడలేదు. చెట్టుకి కట్టెయ్యాలని ఒకడు, పళ్లు ఊడగొడితే మంత్రం పలకదని ఇంకొకడు, కింద కామెంట్లు. నవ్వుతున్న బొమ్మలు కొన్ని. మొదట ఎవరో ఊరి పేరు రాశారు. సాయంత్రానికి సామ్రాజ్యం పేరు కూడా రాశారు.

మూడో రోజు నుంచి కూలీల ఆటోలో ఆమెని ఎక్కించుకోవడం మానేశారు. రోడ్డవతల తోటవాళ్ల ఇంట్లో పెద్దాయనకి నెల రోజులుగా జ్వరం తగ్గట్లేదు. అదీ ఇదీ ముడిపెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

నేను ఆ రోజే సెంటర్లో నిలబడి, పొగ వెయ్యమన్నది నేనని చెప్పాల్సింది. చెప్పలేదు. భయపడ్డాను. చెబితే తర్వాతి ప్రశ్న ఏంటో నాకు తెలుసు. ఎవరి మీద చేయించావు అంటారు. పదో తరగతి చదువుతున్న కూతురుంది నాకు. దాని పేరు కూడా ఆ కామెంట్లలోకి లాగుతారు. అందుకే చాటుగా చేసే పని ఎంచుకున్నాను. రిపోర్ట్ కొట్టాను.

దీని గురించి పిల్లలకి పాఠం కూడా చెబుతాను. పోస్టు పైన మూడు చుక్కలుంటాయి. అవి నొక్కి, రిపోర్ట్ అనేది ఎంచుకుని, కారణం చెప్పాలి. మీరే రిపోర్ట్ చేశారని పోస్టు పెట్టినవాళ్లకి ఆ యాప్ నడిపే కంపెనీ చెప్పదు. పదిమంది కొట్టినా, ఒక్కరు కొట్టినా చూసే నియమాలు అవే. ధైర్యంగా చెయ్యండర్రా, మీ పేరు బయటికి రాదు అని చెప్పేదాన్ని. ధైర్యమని దేన్ని అంటున్నానో ఎప్పుడూ ఆలోచించలేదు.

వేధింపు అనే కారణం ఎంచుకున్నాను. ఇంకేమైనా చెప్పాలా అని కింద ఓ ఖాళీ పెట్టె వచ్చింది. ఏం రాస్తే ఎక్కడ తేలుతుందోనని ఖాళీగానే పంపించాను. మర్నాడు జవాబొచ్చింది. వీడియో తమ నిబంధనలకి విరుద్ధంగా లేదట. హింస అనే కారణంతో రెండోసారి కొట్టాను. అప్పుడూ పెట్టె ఖాళీయే. అదే జవాబు. ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా.

ఆ సాయంత్రం సామ్రాజ్యం మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, మెట్టు మీద కూర్చుంది.

“నేనేం చేశానండీ టీచరమ్మగారూ?” అంది.

వీడియో తీసేయిస్తున్నానని, కంపెనీవాళ్లకి చెప్పానని అన్నాను.

“ఆ కంపెనీవాళ్లకి పూతకి పొగేస్తారని తెలుసా అండీ?” అని అడిగింది.

సిగ్గేసింది. సిగ్గు కప్పుకోవడానికి నేనే ఎదురు ప్రశ్న వేశాను. ఆ చెట్టు దగ్గర కుండ ఎందుకు మూశావు, ఎవరితో మాట్లాడావు అని.

సామ్రాజ్యం తల అడ్డంగా ఊపింది. “అది చెప్పకూడదండీ. మాటిచ్చాను” అని లేచి వెళ్లిపోయింది.

నిజం ఒప్పుకుంటున్నాను. ఆ క్షణాన, ఏమీ నమ్మని నేను కూడా ఆమెని అనుమానించాను. మా తోటలో ఈ మనిషి ఇన్నేళ్లుగా ఏం చేస్తోంది అనుకున్నాను. కామెంట్లు పెట్టినవాళ్లకీ నాకూ పెద్ద తేడా లేకుండా పోయింది.

మర్నాడు శనివారం. స్కూల్లో ప్రీఫైనల్ పరీక్షలు. పరీక్షలప్పుడు టీచర్ల ఫోన్లన్నీ ఆఫ్ చేయించి, ప్రిన్సిపాల్ మేడం తన బీరువాలో పెట్టి తాళం వేస్తారు. తాళంచెవి ఆవిడ మెడలో గొలుసుకే ఉంటుంది. తొమ్మిదికి ఇచ్చిన ఫోను ఒంటిగంటకి నా చేతికొచ్చింది. ఆన్ చేయగానే ఓ మెసేజ్. మీ రిపోర్ట్ చూసి ఆ వీడియోని తొలగించాం, ధన్యవాదాలు అని.

మొదట ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఏ రిపోర్ట్ అని చూద్దామని తెరిచాను. మనం కొట్టిన రిపోర్టులన్నీ ఒకచోట వరసగా ఉంటాయి. నేను కొట్టినవి రెండు. అక్కడ మూడున్నాయి.

మూడోదాని కింద ఆ రోజు తేదీ, పది గంటల నలభై నిమిషాలు అని ఉంది. పెట్టె ఖాళీగా లేదు.

అందులో తెలుగులో ఇలా ఉంది: “సామ్రాజ్యాన్ని పొగ వెయ్యమన్నది నేను. తొర్ర చెట్టు దగ్గర కుండ మూయమన్నది కూడా నేనే. లోపల గుడ్లగూబ పిల్లల్ని పెట్టుకుంటుంది. తెలిస్తే అరిష్టమని చెట్టు కొట్టేస్తారు. అందుకని ఎవరికీ చెప్పొద్దన్నాను. సామ్రాజ్యం తప్పేమీ లేదు. దాన్ని వదిలెయ్యండి.”

స్టాఫ్ రూంలో కుర్చీలో కూలబడ్డాను. పక్క టీచరు మంచినీళ్లు తెచ్చిచ్చింది. బీపీ అని చెప్పాను.

నేను చేసిన వాకబు అంతా చెబుతాను. మేడంని అడిగాను, బీరువా తెరవలేదన్నారు. నా అకౌంట్ ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూశాను, నా ఫోను తప్ప ఇంకేదీ కనిపించలేదు. నా ఫోనులో తెలుగు అక్షరాలు కొట్టే ఏర్పాటే లేదు, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాను. పాస్‌వర్డ్ మావారికి కూడా తెలియదు. ఆయనకి చూపిస్తే, నువ్వే కంగారులో రాసి మర్చిపోయి ఉంటావన్నారు. మర్చిపోయాననే అనుకుందాం. ఆ గుడ్లగూబ సంగతి నాకెలా తెలుస్తుంది?

వీడియో తీసేశారన్న మాటే కానీ, అప్పటికే అది గ్రూపుల్లో పడి తిరుగుతోంది. ఆదివారం పొద్దున మావారు పాలకి వెళ్లి, గాభరాగా వెనక్కి వచ్చారు. సామ్రాజ్యం ఇంటి ముందు జనం పోగయ్యారట. రోడ్డవతల పెద్దాయన కొడుకులిద్దరూ ఆమెని ఊరు వదిలి పొమ్మంటున్నారట.

నేను చెప్పులు వేసుకున్నానో లేదో కూడా గుర్తులేదు. వెళ్లేసరికి ఇరవై మందిదాకా ఉన్నారు. సామ్రాజ్యం గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పళ్లు ఊడగొట్టాలన్న కామెంటు గుర్తొచ్చి, జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లాను. శేషు కూడా ఉన్నాడు, చేతిలో ఫోను పైకెత్తి.

“పొగ వెయ్యమన్నది నేను” అన్నాను. ఆ పెట్టెలోని మాటలే నా నోటివెంట వచ్చాయి. కుండ ఎందుకు మూసిందో కూడా చెప్పాను. నమ్మకపోతే వచ్చి చూసుకోమన్నాను.

అందరూ తోటకొచ్చారు. పెద్దాయన చిన్నకొడుకు చెట్టెక్కి తొర్రలోకి తొంగి చూశాడు. ఉలిక్కిపడి కొమ్మ పట్టుకున్నాడు. “మూడున్నాయి. కళ్లు ఇంతింత ఉన్నాయి” అన్నాడు. ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వుతో అప్పటిదాకా ఉన్న బిగువు సడలింది. గుడ్లగూబ ఉన్న చెట్టు మంచిది కాదని ఒకరిద్దరు అన్నారు. నా తోట, నా చెట్టు, నేను కొట్టను అన్నాను. పిట్టకి ఊపిరాడదని పొగ ఆపిన మనిషినా మీరు ఊరు దాటించేది అని కూడా అడిగాను. పెద్దకొడుకు తల వంచుకుని ముందుగా వెళ్లిపోయాడు.

శేషు మాత్రం నా పక్కకి వచ్చి, “సారీ వదినా. కానీ నా వీడియో ఎవరు రిపోర్ట్ కొట్టారో మీకేమైనా తెలుసా?” అన్నాడు.

“వాళ్లు పేరు చెప్పరు శేషూ” అన్నాను. అది మాత్రం అక్షరాలా నిజం.

అసలు సంగతి చెబుతూ శేషు ఇంకో వీడియో పెట్టాడు. దాన్ని పెద్దగా ఎవరూ చూడలేదు. సోమవారం నుంచి సామ్రాజ్యాన్ని ఆటోలో ఎక్కించుకుంటున్నారు. కొందరు ఇప్పటికీ కొంచెం ఎడంగా జరిగి కూర్చుంటారట. పెద్దాయన జ్వరం టైఫాయిడ్ అని తేలింది.

ఆ మూడో రిపోర్ట్‌ని ఫోటో తీసి దాచుకున్నాను. కంపెనీకి మూడుసార్లు రాశాను, అది ఏ ఫోను నుంచి వచ్చిందో చెప్పమని. రిపోర్ట్ చేసినవారి వివరాలు ఎవరికీ ఇవ్వబోమని జవాబొచ్చింది. రిపోర్ట్ చేసింది నేనే కదా అని రాశాను. దానికి జవాబు రాలేదు.

కానీ నాకు పదే పదే గుర్తొచ్చేది ఇదేదీ కాదు. ఆ ఆదివారం జనమంతా వెళ్లిపోయాక, నేనూ సామ్రాజ్యం తొర్ర చెట్టు కింద మిగిలాం. క్షమించమని అడిగాను. పర్లేదండీ అంది, కానీ నా ముఖం కేసే చూస్తోంది.

“ఎవరికీ చెప్పనని పెద్దమ్మగారికి మాటిచ్చానండీ. ఆవిడకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. నా కూతురికి కూడా చెప్పలేదు. మరి మీకెవరు చెప్పారు?” అని అడిగింది.

పైన తొర్రలో ఏదో కదిలింది. సామ్రాజ్యం అలవాటుగా తలెత్తి, “లేవకమ్మా, వెళ్లిపోతున్నాం” అంది. వీడియోలో మంత్రమనుకున్న మాట అదే.

“అత్తయ్యే చెప్పారు” అన్నాను.

సామ్రాజ్యం కళ్లు తుడుచుకుంది. పోయేముందు చెప్పి ఉంటారని అనుకుంది కాబోలు. నేను అబద్ధం చెప్పానో, నిజం చెప్పానో నాకు ఈ రోజుకీ తెలియదు.