పదకొండు బోర్ల లెటరు

జీవిత అనే పిల్ల సంగతి మెల్లగా చెప్పమంటే నాతో కాదప్పా. నువ్వు నోరు తెరిస్తే కల్లూరు ఆటోలోళ్లు హారన్ ఆపి వింటారంటాడు మా ఆయన. విననీ. తప్పు చేసింది నేను, అరిచేది గూడా నేనే.

నా పేరు శ్రీవాసవి. మావాళ్లంతా కిరాణా, బట్టల వ్యాపారాల్లో ఉండారు. నేనొక్కదాన్నే నాలుగు కంప్యూటర్లు, ఒక స్కానరు, ఒక జిరాక్సు మిషను పెట్టుకోని కర్నూలు పక్కన కల్లూరులో నెట్ సెంటరు నడుపుతాండా. గది మా ఆయన అక్క ప్రమీలమ్మ వాళ్ల బిల్డింగులోది. నేను చెప్పేది రెండువేల ఆరు చివర్లో మొదలైన సంగతి.

జీవిత అప్పుడు కర్నూల్లో డిగ్రీ రెండో సంవత్సరం, కెమిస్ట్రీ. షేర్ ఆటో దిగినాక ఇంకా మూడు కిలోమీటర్లు నడిస్తే వస్తాది వాళ్ల పల్లె. నాయన ఏసేపుకు రెండెకరాల మెట్ట ఉండాది, శెనక్కాయ వేస్తాడు. ఒకప్పుడు చర్చిలో నిలబడి గట్టిగా పాడే మనిషంట, ఇప్పుడు కుర్చీ వేస్తే గాని కూర్చోలేడు, పట్టుకుంటే గాని లేవలేడు. వాళ్ల ఊరి బోరు నీళ్లల్లో ఫ్లోరైడు. పిల్లోళ్ల పండ్లన్నీ గార పట్టి ఉంటాయి. జీవితకు గూడా అంతే. నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటాండె. "ఏమే, చెయ్యి తీసి నవ్వు, నీ నవ్వును ఎవురన్నా ఎత్తుకోని పోతారా?" అని తిడతాంటి. అయినా చెయ్యి తియ్యకుండానే నవ్వుతాండె.

ఒక పొద్దు వచ్చి నా పక్కన స్టూలు లాక్కోని కూర్చుంది.

"అక్కా, జర్మనీలో నీళ్ల మీద పరిశోధన చేసే సంస్థ ఒకటి ఉండాది. ఎండాకాలం రెండున్నర నెలలు డిగ్రీ పిల్లోళ్లను పిలిపిచ్చుకోని పని నేర్పుతారంట. విమానం టికెట్టు, గది, తిండి, అన్నీ వాళ్లే పెట్టుకుంటారు. మొత్తం పన్నెండు సీట్లు."

"పన్నెండా! ప్రపంచమంతటికీనా? మన పల్లెలోళ్లకు యాడిస్తారే?"

"చెడిపోయిన నీళ్లు పల్లెల్లోనే కదక్కా ఉండేది" అనింది.

ఆ రోజు నుంచి సాయంత్రం కాలేజీ వదిలినాక నాకాడికే వస్తాండె. ఫారం నింపింది. ఎందుకు రావాలనుకుంటాండావో రాయమంటే నాలుగు సార్లు రాసి నాలుగు సార్లు కొట్టేసింది. పాస్‌పోర్టుకు పెట్టుకుంది. ఇంగ మిగిలింది ఒకటే, పాఠం చెప్పిన సారు సిఫారసు లెటరు.

ఆ లెటర్లు ఈడ ఎట్ల పుడతాయో నన్నడగండి. సార్ల కాడికి పోతే "నువ్వే రాసుకోని రాపో, సంతకం పెడతా" అంటారు. పిల్లోళ్లు నేరుగా నాకాడికొస్తారు. నాకాడ అన్నిటికీ మోడళ్లు ఉండాయి. బాడుగ అగ్రిమెంటు, సెలవు చీటీ, బయోడేటా, పెండ్లి పత్రిక, ఏది కావల్లంటే అది. పేరు మార్చి, తేదీ మార్చి ప్రింటు తీసిస్తా. అది తప్పని ఈడ ఎవురూ అనుకోరు. నేనూ ఏనాడూ అనుకోలా.

కెమిస్ట్రీ చెప్పే సుదర్శన్ సారు మాత్రం ఆ పిల్లకు అట్ల చెయ్యలా. జీవిత సంచి నిండా నీళ్ల బాటిళ్లు మోసుకోని ల్యాబుకు వచ్చేది ఆయన కండ్లారా చూసినాడు. రెండు దినాలు కూర్చోని ఒకటిన్నర పేజీ ఇంగ్లీషులో చేత్తో రాసిచ్చినాడు. టైపు కొట్టింది నేను. ఈ అమ్మాయి పదకొండు బోర్లకు నడిచిపోయి నీళ్లు పట్టుకొచ్చింది, ఏ బోరు ఎవరి చేన్లో ఉందో, ఆ నీళ్లు తాగే ఇంట్లో ఎంతమందికి పండ్లు చెడినాయో బాటిల్ బాటిల్ మీద రాసి పెట్టింది అని రాసినాడు. ఈమె తండ్రి మోకాళ్లు ఆ నీళ్లతోనే బిగుసుకుపోయాయి, ఆ నీళ్లను బాగుచేసే దారి నేర్చుకునేదానికే ఈమె చదువుతోంది అని గూడా రాసినాడు. కొడతాంటే నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. జిరాక్సుకొచ్చినోళ్లందరికీ ఆ లెటరు చూపిచ్చినా.

సారుకు మెయిలు లేదు. నేనే ఒకటి పెట్టిచ్చి పాస్‌వర్డు నా నోటుబుక్కులో రాసుకున్నా. ఆయన వారానికొకసారి వచ్చి "ఏమ్మా, ఏమన్నా వచ్చినాయా?" అని అడిగి పోతాండె.

ఇంగ నా పాడు నోరు. "మా నెట్ సెంటరు పిల్ల జర్మనీ పోతాది వదినా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా" అని ప్రమీలమ్మ వదిన కాడ గొప్పలు పోయినా. ఆమె కొడుకు తేజేశ్వర్ అదే కాలేజీ, అదే క్లాసు. "అట్లయితే మా తేజుకు గూడా పెట్టు" అనింది వదిన. వాడికి నీళ్లు పట్టవు, పరిశోధన పట్టదు, క్రికెట్టు తప్ప ఏదీ పట్టదు. కాదనే ధైర్యం నాకు లేకపోయె.

ప్రాక్టికల్ పరీక్షలు ముంచుకొచ్చినప్పుడు వాడు ఉరుక్కుంటా వచ్చినాడు.

"అత్తా, సారు లెటరు గూడా కావల్లంట. ఏదో ఒకటి కొట్టియ్యి."

"నువ్వేం చేసినావో చెప్పురా, రాస్తా."

"నేనేం చేసినా? నీకాడ మోడలుంటాది కదా!"

ముందర ముగ్గురు గిరాకీలు నిలబడి ఉండారు, కరెంటు పోతాంది వస్తాంది. జీవిత లెటరు తెరిచినా. పేరు మార్చినా, అమ్మాయిని అబ్బాయిని చేసినా. తండ్రి మోకాళ్ల మాట కాడ చెయ్యి ఆగింది. తేజు నాయన కేశవయ్యన్న కర్నూలు బజార్లో కాలు మీద కాలేసుకోని అంగడి నడిపే మనిషి, ఆయన మోకాళ్లకేం రోగం? అయినా చదివేదానికి బాగుండాది, ఉండనీలే అనుకున్నా. ప్రింటు తీసి ఇచ్చినా.

ఆ మర్నాడు సారు ముందర రికార్డు పుస్తకాలు గుట్టగా పడి ఉండాయంట. తలకాయ ఎత్తకుండా సంతకాలు పెడతాండాడంట. తేజు తన రికార్డులో ఈ కాగితం పెట్టి అందిచ్చినాడు. "ఇదేందిరా?" అంటే "అప్లికేషన్ సార్" అన్నాడంట. సారు సంతకం పెట్టేసినాడు. ఇద్దరి లెటర్లనూ నా స్కానరు మీదనే పెట్టి నా చేతుల్తోనే పంపిచ్చినా.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం సారు మెయిలు తెరిచి చూస్తే జర్మనీ నుంచి వచ్చి ఉండాది. నా బీకాం ఇంగ్లీషుకు రెండు సార్లు చదివితే గాని ఎక్కలా. మీ కాలేజీ నుంచి ఇద్దరి లెటర్లు వచ్చినాయి, పేర్లు తప్ప అంతా ఒకటే. ఇద్దరూ అవే పదకొండు బోర్లకు నడిచినారా? ఇద్దరి తండ్రుల మోకాళ్లూ బిగుసుకుపోయినాయా? ఏడు రోజుల్లో మీరు జవాబు రాయకపోతే రెండు అప్లికేషన్లూ పక్కన పెడతాం. ఇదీ అందులో ఉండేది.

ఆ మెయిలు కొట్టేస్తే చూసేవాళ్లు ఎవురూ లేరు, ఆ బుద్ధి గూడా నాకు పుట్టింది. కొట్టేయలా, అట్లని సారుకు చెప్పనూ లేదు. ఆ సాయంత్రమే జీవిత వచ్చింది.

"అక్కా, సారుకు ఏమన్నా వచ్చిందా?"

"రాలా" అన్నా.

"పాస్‌పోర్టు విచారణకు పోలీసాయన వచ్చి పోయినాడక్కా. మా నాయన చొక్కా మార్చుకోని ఎదురొచ్చి మాట్లాడినాడు. ప్రతి ఆదివారం చర్చిలో నాకోసం ప్రార్థన చేపిస్తాండాడు" అనింది. నేను జిరాక్సు మిషను పక్కకు తిరిగి కాగితాలు సర్దుతా నిలబడినా. రెండు దినాలు అన్నం సరిగ్గా తినలా.

మూడో రోజు ఆ మెయిలు ప్రింటు తీసుకోని కాలేజీకి పోయి స్టాఫ్ రూములో సారు ముందర అంతా కక్కేసినా. కొడతాడేమో అనుకున్నా, కనీసం తిడతాడు అనుకున్నా. ఆయన మెయిలు కాగితం చివరిదాకా చదివి బల్ల మీద పెట్టినాడు.

"సార్, నా పేరు రాయండి. నెట్ సెంటరామె చేసిన పాడుపని అని రాయండి" అన్నా.

"నీ పేరు రాస్తానమ్మా. కానీ సంతకం నాది కదా? చదవకుండా పెట్టింది నేను. అది దాచిపెట్టి మిగతాది రాస్తే అది గూడా అబద్ధమే."

ఉన్నది ఉన్నట్టు రాసినాడు. లెటరు జీవిత కోసమే రాసినానని, రెండోది రికార్డుల మధ్యలో వస్తే చదవకుండా సంతకం పెట్టినానని. నేను టైపు కొట్టి పంపిచ్చినా. సారు తేజును పిలిచి అడిగినాడంట, నేను ఇంటికొచ్చేలోపల సంగతి వదినకు చేరింది. ప్రమీలమ్మ వదిన వాకిట్లోనే పట్టుకుంది. "సొంత మేనల్లుని కంటే ఆ చర్చి పిల్ల ఎక్కువయ్యిందా నీకు? గది ఖాళీ చేసి పో" అనింది. "చేస్తా పో" అని నేనూ అరిచినా. తేజు రెండు రోజులు మొగం చూపీలా, మూడో రోజు బ్యాటు పట్టుకోని గ్రౌండుకు పోయినాడు.

వారం లోపలే జవాబు వచ్చింది. సారును పిలిపిచ్చి తెరిచినా. నిజం రాసినందుకు కృతజ్ఞతలంట. జీవిత చేసిన పని మీద వాళ్లకు అనుమానం లేదంట. కానీ చదవకుండా సంతకం పెట్టినానని తానే ఒప్పుకున్న అధ్యాపకుని లెటరును ఆధారంగా తీసుకోలేమన్నారు. ఇంకొకరి దగ్గర కొత్త లెటరు తీసుకునేదానికి గడువు దాటిపోయిందన్నారు.

సారు కండ్లద్దాలు తీసి పైగుడ్డతో తుడుచుకున్నాడు. "ఆ పిల్లను నేనే ముంచినా కదమ్మా" అని స్టూలు మీద కూలబడినాడు. అంత పెద్దమనిషి నా ముందర అట్ల కూర్చుంటే నాకు యాడన్నా పోయి దాక్కోవాలనిపిచ్చింది.

జీవితకు నేనే చెప్తానని పట్టుబట్టినా. సాయంత్రం వచ్చినాక స్క్రీను ఆ పిల్ల వైపు తిప్పి, మొదటి నుంచి ఏదీ దాచకుండా చెప్పినా. తేజు లెటరు గూడా తెరిచి చూపిచ్చినా. మెల్లగా చదువుకుంటా వచ్చి ఒక కాడ ఆగిపోయింది.

"అక్కా, మా నాయన మోకాళ్లు గూడా తేజుకు ఇచ్చేసినావా?"

చదివేదానికి బాగుండాదని ఉంచినానని చెప్పాల్నా? నేను వెక్కి వెక్కి ఏడ్చినా. ఆ పిల్ల ఏడ్వలా. "ఆదివారం మా నాయనకు ఏమని చెప్పల్ల?" అని మాత్రం అడిగి, సంచి భుజానికేసుకోని లేచి పోయింది. అటు తర్వాత ఆరు నెలలు మా వీధిలోకి రాలా.

వదిన గది ఖాళీ చేపిచ్చింది. నాలుగు వీధులవతల ఇంకో గది చూసుకోని మిషన్లన్నీ మోసుకోని పోయినా. సెప్టెంబరులో ఒక సాయంత్రం తలకాయ ఎత్తి చూస్తే వాకిట్లో జీవిత. చిక్కిపోయింది. నా ప్రాణం లేచొచ్చింది.

"రాయే, రా! యాడ పోయినావు ఇన్నాళ్లు?"

"ఒక సిస్టమ్ కావల్లక్కా. జపాన్‌లో ఇట్లాంటిదే ఇంకోటి ఉండాది, మూడో సంవత్సరమోళ్లకు గూడా ఇస్తారంట. సారు మళ్లా రాసిచ్చినాడు."

"ఇయ్యి, పది నిమిషాల్లో కొట్టిస్తా."

"వద్దులే అక్కా. నీకెందుకు శ్రమ."

గోడ పక్కన ఉండే ఆఖరి కంప్యూటరు ముందర కూర్చుంది. సారు రాసిన కాగితం ఒడిలో పెట్టుకోని రెండు వేళ్లతో ఒక్కో అక్షరం వెతుక్కుంటా గంటన్నర కొట్టింది. నేను గిరాకీలను చూసుకుంటాండట్టు నటిస్తా ఆ పక్కనే తిరిగినా. ప్రింటు తీసుకున్నాక ఆ ఫైలు డిలీట్ కొట్టింది. రీసైకిల్ బిన్ తెరిచి అది గూడా ఖాళీ చేసింది. మళ్లా ఒకసారి తెరిచి చూసుకుంది. ప్రింటూ, సారు చేతి కాగితమూ మడిచి సంచిలో పెట్టుకోని లేచింది.

"పోయొస్తా అక్కా" అనింది. మర్యాదగానే అనింది.